చాందినికి వేసిన సూది

1986 ఏప్రిల్‌లో నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ పశువైద్యశాలలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌ని. పేరు ఘనంగా ఉంటుంది గానీ మా శాఖ డాక్టర్లలో అదే అట్టడుగు మెట్టు. మధురానగర్‌లో అద్దె ఇల్లు, ఒక పాత స్కూటరు. అప్పట్లో గుర్రాలతో షూటింగ్ పెట్టుకున్న నిర్మాతలు కొందరు పశువైద్యుణ్ణి దగ్గర ఉంచుకునేవారు. గుర్రం మీద జాలితో కాదు, దానికేమన్నా అయితే షూటింగ్ ఆగిపోతుందని. అలా ఒక కౌబాయ్ సినిమాకు నన్ను అడిగారు. పై అధికారి దగ్గర అనుమతి తీసుకుని, రెండు రోజులు సెలవు పెట్టి జూబ్లీ హిల్స్ వెళ్లాను. షూటింగ్ చూడాలన్న సరదా నాకూ ఉందని ఒప్పుకోవాలి.

ఇప్పుడు మేడలున్న ఆ చోట అప్పుడు పెద్ద పెద్ద బండలు, సీతాఫలం పొదలు. వాటి మధ్య ప్లైవుడ్‌తో ఒక అమెరికా ఊరు కట్టారు. సారా దుకాణం, బ్యాంకు, జైలు, అన్నీ ముందు గోడలే. వెనక్కి వెళ్తే కర్రల ఆసరా తప్ప ఏమీ లేదు. హీరో పెద్ద టోపీ పెట్టుకుని, గుర్రం మీద కూర్చుని, గిటారు వాయిస్తూ పాడాలి. పాటను టేపు మీద లౌడ్‌స్పీకర్లో వేస్తారు, ఆయన పెదవులు కలిపితే చాలు.

గుర్రం తెల్లటి ఆడగుర్రం, పేరు చాందిని. దాన్ని పెంచిన యాదయ్యది ఊళ్లోనే ఉన్న కార్వాన్ బస్తీ. యాభై దాటిన మనిషి. పెళ్లికొడుకుల ఊరేగింపులకు, అంటే బరాత్‌లకు, దాన్ని నడిపించి బతికేవాడు. మామూలు గుర్రాలు లౌడ్‌స్పీకర్‌కు బెదురుతాయి, బరాత్ గుర్రమైతే బ్యాండుకు అలవాటుపడి ఉంటుందని ప్రొడక్షన్ మేనేజర్ ఏరి కోరి దీన్ని తెప్పించాడు. ఆయన లెక్క తప్పలేదు, చాందిని బెదరలేదు. పాటలో డ్రమ్ము మోగగానే డాన్సు మొదలుపెట్టింది.

దానికి తెలిసిన చదువే అది. మెడ వంచి, ముందుకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి, ఉన్నచోటే తాళానికి అడుగులు వేస్తుంది. యాదయ్య రెండేళ్లు కష్టపడి నేర్పాడట. పైన కూర్చున్న హీరోగారి టోపీ ఊడిపడింది, గిటారు గడ్డానికి తగిలింది. లైట్లు పట్టుకున్నవాళ్లు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు. తొమ్మిది టేకులు పోయాక హీరో దిగి, వెళ్లి కారులో కూర్చున్నాడు.

దర్శకుడు నన్ను పిలిచి, గుర్రాన్ని ఒక గంట కదలకుండా నిలబెట్టగలరా అని అడిగారు. యాదయ్య పక్కనే ఉన్నాడు.

"దాన్ని ఆడనియ్యుండ్రి సార్. పాటకు గుర్రం ఆడితె మంచిగుంటది గద" అన్నాడు.

ఎంత మంచి మాట! దర్శకుడు వినిపించుకోలేదు, నేనూ వినిపించుకోలేదు. పదిమంది పెద్దవాళ్ల ముందు నా విద్య చూపించుకునే అవకాశం వచ్చిందని లోపల సంబరపడుతున్నాను. బ్యాగు తెరిచి సిరంజీ తీశాను.

పద్ధతి చెబుతాను. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి బరువు అంచనా కట్టాలి. దాన్నిబట్టి మత్తుమందు మోతాదు లెక్కవేసి మెడ నరంలోకి మెల్లగా ఎక్కించాలి. ఐదు నిమిషాల్లో తల వాలుతుంది, కింది పెదవి వేలాడుతుంది. గుర్రం పడిపోదు, నిలబడే ఉంటుంది. గంటా రెండు గంటల్లో మత్తు దిగిపోయినట్టే కనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే. చూపు తేటపడినా కాళ్లు ఇంకా పూర్తిగా స్వాధీనంలో ఉండవు. మర్నాటి దాకా పరిగెత్తించకూడదు.

సూది వేస్తుంటే అదేం మందని యాదయ్య అడిగాడు. ఏం లేదులే, కాస్త నిమ్మళంగా ఉంటుంది అన్నాను. గుర్రాలు తోలుకునేవాడికి ఇంతకంటే చెప్పేదేముందని నా ఉద్దేశం. పరుగు వద్దన్న మాట మాత్రం కో-డైరెక్టర్‌కు చెప్పాను. సెట్టు మీద రోజువారీ పనంతా ఆయన చేతి మీదే నడుస్తుంది. మా శాఖలో ఏ మాటైనా పెద్దవాళ్లకు చెబితే అదే కిందికి దిగుతుంది. ఇక్కడా అంతే అనుకున్నాను. ఆయన, ఇవాళ పరుగు షాట్లే లేవు డాక్టరుగారూ అంటూనే, ప్యాడ్ మీద రాసుకున్నారు కూడా.

షాటు రెండో టేకుకే ఓకే అయింది. వాలిపోతున్న చాందిని తలను, కళ్లెం జీనుకు బిగించి కట్టి పైకి నిలబెట్టారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. హీరోగారి కుక్కకు చెవిలో చీము పట్టిందని, ఒకసారి చూసి రమ్మని కారిచ్చి ఆయన ఇంటికి పంపారు. నేను వెనక సీట్లో దర్జాగా కూర్చుని వెళ్లాను.

నేను వెళ్లిన గంటకు హీరో మర్నాడు మద్రాసు వెళ్లాలని కబురొచ్చిందట. ఉన్న వెలుగులోనే పరుగు షాటు తీసేద్దామన్నారు దర్శకుడు. కో-డైరెక్టర్ అప్పటికే డబ్బింగ్ పని మీద స్టూడియోకు వెళ్లిపోయారు, ప్యాడ్ ఆయన సంచీలోనే ఉంది. చాందిని తేటగానే కనిపిస్తోంది. హీరోకు బదులు డూపు ఎక్కాడు. బండల వాలులో దాని కుడి ముందుకాలు జారి మెలిపడింది. డూపు గీతలతో బయటపడ్డాడు.

తిరిగి వచ్చేసరికి యాదయ్య నేల మీద కూర్చుని, ఆ కాలు తన ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. తడిమి చూశాను. మోకాలి కింద వెనకవైపు, కాలి బరువు మోసే లావుపాటి స్నాయువు తెగింది. ఇందాక వేసింది మత్తు సూదా అని అడిగాడు. అవునన్నాను.

"ఉరికియ్యొద్దని నాతోని ఒక్క మాట చెప్పకపోతిరి సార్. కళ్లెం నా చేతుల ఉండె. నేను ఎక్కనిస్తుంటినా?"

కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. తల కొట్టేసినట్టయింది నాకు.

నాలుగు నెలలు ప్రతి ఆదివారం కార్వాన్ వెళ్లాను. చన్నీళ్ల ధార, కట్టు, మర్దన, మెల్లగా నడిపించడం, తెలిసినవన్నీ చేశాను. నడక వచ్చింది. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలయ్యే ముందు యాదయ్య తనకు తెలిసిన బ్యాండువాళ్లను గల్లీలోకి పిలిపించి వాయించమన్నాడు. చప్పుడు వినగానే చాందిని మెడ వంచింది. ఎడమ కాలు ఎత్తాలంటే బరువంతా కుడికాలి మీద మోపాలి. రెండుసార్లు ప్రయత్నించి ఆగిపోయింది. మెడ మాత్రం తాళానికి ఊపుతూనే ఉంది. యాదయ్య చెయ్యెత్తి ఇక చాలన్నాడు. కుంటి గుర్రాన్ని పెళ్లికి ఎవరూ పిలవరు. ఆ ఏడాది నుంచి అతను వేరేవాళ్ల గుర్రాల పక్కన కూలికి నడిచాడు. చాందినిని అమ్మలేదు.

సినిమా ఆడలేదు గానీ ఆ పాట టీవీలో అప్పుడప్పుడూ వస్తుంది. గుర్రం ఎంత బుద్ధిగా నిలబడిందో చూడండి అని మా ఆవిడ ఒకసారి మెచ్చుకుంటే, లేచి టీవీ కట్టేశాను.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు సర్వీసు చేశాను. మత్తుమందు ఇచ్చిన ప్రతిసారీ తాడు ఎవరి చేతిలో ఉందో చూసి, ఇచ్చింది ఏమిటో, ఏం చేయకూడదో, ఎంతసేపో ఆ మనిషికే చెప్పేవాణ్ణి. వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకునేవాణ్ణి. దీనికి నిమిషం పడుతుంది. యాదయ్య దగ్గర నేను ఆ నిమిషం ఆగలేదు.