సమ్మవ్వ అడిగే మూడు మాటలు

జగిత్యాలలోని ఆ పిల్లల దవాఖానలో సమ్మవ్వ ఇరవై రెండేళ్లుగా ఆయా. చదువు రాదు. ఎత్తుకున్న పిల్లను తల్లి చేతికిచ్చే ముందు మాత్రం మూడు మాటలు అడగనిదే చేతులు సడలించదు. మీదే ఊరు, ఎవరి కోడలివి, పిల్లకు ఎన్ని దినాలు.

"అన్నీ కంప్యూటర్ల ఉన్నయి గద సమ్మవ్వా" అని కౌంటర్‌లో కూర్చునే సింధూజ నవ్వేది.

"నీ కంప్యూటర్ ఎత్తుకుంటదా పిల్లను?"

ఆ కంప్యూటర్‌లోని అప్లికేషన్ మధుకర్ రాసింది. సిరిసిల్ల మరమగ్గాల వాడలో పుట్టి, బీఎస్సీ చదివి, జగిత్యాలలో చిన్న ఆఫీసు పెట్టుకున్నవాడు. ఆ పనిలో అతనికి బాగా నచ్చింది పేరు వెతికే డబ్బా. రెండక్షరాలు కొట్టగానే కింద పేర్ల వరస దిగుతుంది. ఇరవై ఒకటో రోజు వరకు పిల్లకు సొంత పేరుండదు కాబట్టి, "రమ పాప", "రచన బాబు" అని అన్నీ తల్లుల పేర్లే. మొదట్లో వరసలోంచి ఒకదాన్ని ఎంచుకోవాల్సి వచ్చేది. "బయట యాభై మంది నిలబడ్డరు అన్నా, గీ రెండోసారి నొక్కుడేంది?" అని సింధూజ గొణిగితే, అన్నిటికంటే పైనున్న పేరు దానంతటదే ఎంపికయ్యేలా మార్చాడు. ఎంటర్ కొడితే చాలు. ఆ రోజు తన తెలివికి తానే మురిసిపోయాడు.

మధుకర్ భార్య రమ కోరుట్లలో, పుట్టింట్లో ప్రసవించింది. ఆరో రోజుకు పాప ఒళ్లు పచ్చబడింది. భార్యాభర్తలు పాపను పొదివి పట్టుకుని జగిత్యాల వచ్చారు. రక్తం తీశారు. కామెర్ల లెక్క పదిహేను లోపుంటే ఇంటికి పోవచ్చని, దాటితే మళ్లీ చూపించమని డాక్టర్ చెప్పాడు. గంట తర్వాత సింధూజ "రమ" అని కొట్టి, ఎంటర్ నొక్కి, కాగితం చేతిలో పెట్టింది. తొమ్మిది.

మధుకర్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఆటో పిలిచాడు. గడపలో సమ్మవ్వ ఎదురైంది.

"ఎటు పోతున్రు?"

"ఇంటికి అవ్వా. తొమ్మిదే అచ్చింది."

ఆమె తువ్వాల తప్పించి పాప అరికాలిని బొటనవేలితో నొక్కి చూసింది. "అరికాళ్లదాక పసుపు పూసినట్టున్నది. తొమ్మిదెట్లయితది కొడుకా? గా కాయిదంల ఏ ఊరని రాసిండ్రు? ఎన్ని దినాలని?"

మధుకర్ అప్పుడు గానీ పై వరస చదవలేదు. రమ పాప, గంభీరావుపేట, పన్నెండు రోజులు.

ఆ రమ వేరు. పైనున్న పేరును పట్టుకోమని డబ్బాకు నేర్పింది తానే. తమ పాప కాగితం తీయిస్తే లెక్క ఇరవై రెండు. ఇంకొక్క రోజు ఇంట్లో ఉంచుకుని ఉంటే కామెర్లు మెదడుకెక్కి ఏమయ్యేదో సైన్సు చదివినవాడికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాప రెండు రోజులు కామెర్లు తగ్గించే నీలి లైటు కింద ఉంది. సింధూజ ఏడుస్తుంటే "తప్పు నీది గాదు చెల్లే, నాది" అన్నాడు. లెక్క పదకొండుకు దిగిన రోజు, దవాఖాన వరండాలోనే బల్ల మీద కూర్చుని డబ్బాను తిరగరాశాడు. ఇప్పుడు ఏ పేరూ దానంతటది ఎంపిక కాదు. ప్రతి పేరు కింద ఊరు, ఇంటి పెద్ద పేరు, పిల్ల వయసు కనిపిస్తాయి. చదివి ఒకదాన్ని నొక్కితేనే తెరుచుకుంటుంది.

సమ్మవ్వ తొంగి చూసింది. "ఏం రాస్తున్నవ్?"

"నువ్వడిగే మూడు మాటలే అవ్వా."

"అయితే నన్నింక ఇంట్ల కూసోమంటవా?"

"నువ్వు కూసుంటే నాకు నిద్ర పట్టది."

ఇరవై ఒకటో రోజు కోరుట్లలో పాపను ఉయ్యాలలో వేశారు. చెవిలో పేరు చెప్పమని, పిలిపించుకున్న సమ్మవ్వ చేతికే ఇచ్చింది రమ. ఆమె చెప్పింది. తిరిగి ఇవ్వబోతూ ఆగింది.

"మీదే ఊరు బిడ్డా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రమ నవ్వలేదు. "కోరుట్ల అవ్వా. సిరిసిల్ల ఓదెలు కోడల్ని. ఇరవై ఒక్క దినాలు."

అప్పుడు సమ్మవ్వ చేతులు సడలించింది.