నిలబెట్టి చూసిన బీపీ

మా ట్రైనింగమ్మ పోయి పదకొండు రోజులు కాకముందే ఆమె ఫొటోకు దండ వేసి, ఆ ఫొటో ముందే జనాన్ని వరుసలో నిలబెట్టి, చొక్కాల మీదే పట్టీ చుట్టి బీపీ చూశారు. కుప్పంలో జరిగిన ఆ నిర్వాకానికి ‘సంతాప శిబిరం’ అని పేరు. ఆమె బతికుంటే ఆ పట్టీని శిబిరం పెట్టించిన మా ఆఫీసరు మెడకు చుట్టేది.

ఆమె రిటైరైన నర్సు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆరోగ్య కార్యకర్తలకు బీపీ చూడడం నేర్పింది. నేను నర్సింగ్ చదవలేదు. ఫోన్లో వీడియోలు చూసి, అంతా వచ్చేసిందనుకుని ఆమె క్లాసుకు పోయాను. ఆమె చెయ్యి చాపింది. నేను జాకెట్టు మీదే పట్టీ బిగించాను.

“బీపీ నాకా, నా జాకెట్టుకా పాపా?” అంది. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

మొదటి నెల పుంగనూరు దగ్గర సదుం ఊళ్లో ఎండకు తాళలేక, సగంమందికి చూడకుండానే నూటఇరవై, ఎనభై అని రాసేశాను. ఆమె రిజిస్టరు తిరగేసింది.

“ఊరంతా ఒకే కడుపున పుట్టినారా?”

తర్వాత నవ్వకుండా చెప్పింది: “ఖాళీగా వదిలిపెట్టు, ఇంకొకరు సూస్తారు. దొంగ అంకె రాస్తే ఇంకెవురూ సూడరు.” మర్నాడే నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది.

మదనపల్లె మార్కెట్‌లో ఒక టమోటా వ్యాపారి తగిలాడు. ఆమె ఖాళీ టమోటా పెట్టె బోర్లించి, పైన తువ్వాలు మడిచి, అతని చెయ్యి గుండె ఎత్తుకు పెట్టింది.

“అయిదు నిమిషాలు మాటాడకుండా కూర్సో అప్పా.”

“నోరు మూస్తే యాపారం పోతాదమ్మా!”

“తెరిస్తే నీ బీపీ రాదు, టమోటా రేటు వస్తాది.”

పక్కనున్న హమాలీలు పకపకలాడారు. వ్యాపారీ నవ్వేశాడు. ఆమె వాచీ చూసుకుంది. “నవ్వినావు. మళ్లీ అయిదు నిమిషాలు.” అలా మూడుసార్లు. వేలం అయిపోయింది గానీ ఆమె అతన్ని వదల్లేదు.

అలాంటి మనిషి పేరు మీద జరిగిన శిబిరంలో, లావుపాటి చేతులకు చుట్టే పెద్ద పట్టీని ఒక బక్క అవ్వకు చుట్టారు. అంకె తక్కువ చూపించింది. “తగ్గిపోయిందవ్వా, మాత్రలు ఇంక యాల?” అని పంపేశారు. మూడు రోజుల తర్వాత నేను ఆ అవ్వను వాళ్లింట్లోనే కూర్చోబెట్టి, సరైన పట్టీతో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ భయపడాల్సిన అంకే వచ్చింది.

“ఆ ఫొటోలో అమ్మ ఎదురుగానే సెప్పినారు కదా, నిజమే అనుకుంటిని” అంది అవ్వ.

అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి.

శిబిరం పెట్టినవాళ్లకు చెబుతున్నాను: ఆరోజు చూసిన ప్రతి ఒక్కరికీ మళ్లీ చూడాలి, కూర్చోబెట్టి చూడాలి. ఎప్పుడు మొదలుపెడతారో ఈ శుక్రవారం సాయంత్రం అయిదులోగా రాతపూర్వకంగా చెప్పండి. ఇంకా ఎంతమంది మాత్రలు మానేసి, తగ్గిపోయిందని నిశ్చింతగా ఉన్నారో నాకు తెలియదు. వాళ్ల పేర్లున్న కాగితాలు మీ బీరువాలో ఉన్నాయి. తాళం మీ దగ్గరుంది.