ఇనుప ఓడ ఆగిన నెలలు

లీసెస్టర్‌లో ఎం.ఏ. చరిత్ర చదివిన ఏడాది మొత్తంలో నేను క్లాసులో నోరు విప్పింది ఒక్కసారే. అది ఒక ఓడ కోసం.

అమెరికా అంతర్యుద్ధంలో నదుల మీద పోరాడడానికి కట్టిన ఓడ అది. ఒళ్లంతా ఇనుప రేకులు. దాని జీవితకథనే డిసర్టేషన్‌కి ఎంచుకున్నాను. ఫ్లాట్‌లో నాతో ఉండే గుంటూరు అక్క కేర్ హోమ్‌లో నర్సు. నా నోట్సు చూసి నవ్వింది. "ఏందమ్మా, నీ ఇనప పడవ వీసా ఇప్పిస్తదా?" జవాబు డైరీలో రాసుకున్నాను గానీ ఆమెకు చెప్పలేదు.

మా గైడ్ నవ్వలేదు. ఒక్క పోరాటం చేసి, ఆ తర్వాత నెలల తరబడి లంగరు వేసుకుని కూర్చున్న ఓడ గురించి రాయడానికేముందన్నారు. మీవాళ్ల గురించి రాయకూడదా అంటూ, అంశం మార్చుకునే ఫారం చేతిలో పెట్టారు. శుక్రవారం సెమినార్‌లో కొత్త అంశం చెప్పాలి.

ఆ వారమంతా లైబ్రరీలో ఓడ లాగ్‌బుక్ నకలు చదివాను. ఆగిన నెలల్లో రోజూ ఒకటే మాట: కదలలేదు. పక్కన చిన్న అంకె. దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. మా నాన్న రాజమండ్రిలో లాంచీ సరంగు. ఎండాకాలం గోదావరి తగ్గాక, లాంచీ ముందు ఒకతను గెడ దింపి లోతు చెబుతుంటే, నాన్న దాన్ని బట్టి నడపాలో ఆపాలో తేల్చుకునేవాడు. లాగ్‌బుక్‌లో అంకెలు రోజురోజుకీ తగ్గుతున్నాయి.

శుక్రవారం సెమినార్‌లో లేచి నిలబడ్డాను. లాగ్‌బుక్‌లోని అంకెలు నీటి లోతువనీ, నది తగ్గిందనీ, అంత బరువైన ఓడ కదిలితే ఇసుకలో దిగబడేదనీ చెప్పాను. అది భయపడి దాక్కుందనే అందరూ రాశారు కదా అన్నాడు ఒక క్లాస్‌మేట్.

"రాసినవాళ్లలో ఎవరైనా నది మీద పడవ నడిపారా?" అన్నాను. "మా నాన్న నడుపుతాడు. నీళ్లు లేనప్పుడు ఆపడం కూడా సరంగు పనే."

ఆ అంకెలు లోతువే అని ఎలా తెలుసని గైడ్ అడిగారు. అంకె మళ్లీ పెరిగిన రోజు పేజీ ఆయన ముందు పెట్టాను. ఓడ ఆ రోజే కదిలింది.

ఫారంలో 'కొత్త అంశం' అన్న గడిలో పాత అంశాన్నే, ఇంకా పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను.

"మావాళ్ల గురించే రాస్తున్నాను సార్," అన్నాను.

ఆయన సంతకం పెట్టారు. నా డిసర్టేషన్‌లో అన్నిటికన్నా పొడవైన అధ్యాయం ఆ కదలని నెలలదే.