చిన్నాయన ఇంగ్లీషు

ఇరవై ఏడేళ్ళ కింద, పెనుకొండలో ఒక ప్రైవేటు బడి ఆఫీసు గదిలో, చెప్పవలసిన రెండు మాటల్లో ఒకటి చెప్పి రెండోది మింగేశాను. చెప్పింది అబద్ధం కాదు కాబట్టి ఇన్నేళ్ళూ నన్ను ఎవరూ తప్పు పట్టలేదు.

పోయిన నెల హిందూపురంలో మా అమ్మాయి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు పుస్తకాన్ని వంటింటి గట్టు మీద వదిలేసి పోతే, కాఫీ తాగుతూ ఊరికే తిరగేశాను. చాలాకాలానికి కలిసిన స్నేహితులతో అనవలసిన మాటల కింద ‘లాంగ్ టైమ్ నో సీ’ అని చక్కగా అచ్చయి ఉంది. కాఫీ చల్లారిపోయింది. ఆ పొద్దు నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. టీవీ ముందు కూర్చుంటే లేవాలనిపించేది, బజారుకు పోతే తిరిగి రావాలనిపించేది, మా ఆవిడ బీపీ చూపించుకొమ్మని రెండుసార్లు చెప్పింది.

ఆ మాటను నేను మొదట విన్నది ధర్మవరంలో మా చిన్నాయన నోట. చిన్నాయన పదో తరగతి దాటలేదు. మగ్గం మీద నేసిన పట్టుచీరలు మూటగట్టుకుని పుట్టపర్తికి పోయి, అక్కడికొచ్చే విదేశీ ఆడవాళ్ళకు అమ్మేవాడు, వాళ్ళ నోట విన్న ఇంగ్లీషును తెలుగు అక్షరాల్లో ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకునేవాడు. అందులో తలాతోకా లేని మాటలకు వేరే పేజీలుండేవి. అలారం మోగితే ‘గోస్ ఆఫ్’ అంటారట, ఆగిపోయినట్టు. ప్రేమలో మునిగినవాణ్ణి ‘హెడ్ ఓవర్ హీల్స్’ అంటారట. నిలబడిన ఏ మనిషికైనా తల మడమల పైనే కదా ఉండేది. హాయిగా నిద్రపోతే ‘స్లెప్ట్ లైక్ ఎ బేబీ’ అని ఆయన చదివి వినిపించిన రోజు, చంటిదాన్ని భుజాన వేసుకుని తిరుగుతున్న మా చిన్నమ్మ ఆగి, “ఆ దొరసానిని ఒక దినం ఈడికి రమ్మను, పసిబిడ్డ ఎట్ల పండుకుంటాదో నేను చూపిస్తా” అంది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కర్త లేని వాక్యం రాస్తే మనకు అరచేతి మీద బెత్తం పడేది. అలా చదువుకున్న నాకు చిన్నాయన నోటుబుక్కు చూస్తే ఒళ్ళు మండేది. ‘చాలా కాలం, లేదు, చూడు’, ఇదేం భాష అని అడిగితే ఆయన నవ్వేవాడు. “చీరలో బుట్టా ఎందుకట్ల ఉండాదని అడుగుతామా? ఉండేదాన్ని ఉండేట్ల ఎత్తుకోవాల” అనేవాడు. మగ్గం వాళ్ళకు చదువు అలాగే వచ్చేది, పాత చీర ముందు పెట్టుకుని పోగు పోగూ లెక్కబెట్టి అదే నమూనా ఎత్తడం.

పెనుకొండ బడి యజమాని ఒకసారి పుట్టపర్తిలో ఆయన మాట్లాడడం చూసి ముచ్చటపడి, వారానికి మూడు రోజులు పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పమన్నాడు. రెండేళ్ళ తరువాత, ఇంగ్లీషులో ఎమ్మే చేసి ఖాళీగా తిరుగుతున్న నన్ను అదే బడిలో చేర్పించింది చిన్నాయనే. పిల్లలు నా గ్రామరు క్లాసులో గోడ గడియారం చూసేవాళ్ళు. ఆయన క్లాసులో గంట కొట్టినా లేచేవాళ్ళు కాదు. స్టాఫ్ రూములో నన్ను ‘సారు అన్న కొడుకు’ అనేవాళ్ళు. ఎమ్మే చదివింది అలా పిలిపించుకోవడానికా అని లోపల రగిలిపోయేవాణ్ణి.

ఆ కడుపుమంటతోనే ఒక ఆదివారం హిందూపురం గ్రంథాలయానికి పోయి, చిన్నాయన తప్పులు పట్టాలని పెద్ద నిఘంటువు తెరిచాను. ఆయన మాటలన్నీ అందులో ఉన్నాయి. ‘లాంగ్ టైమ్ నో సీ’ కూడా ఉంది, వాడుకలో ఉన్న పలకరింపు అని. నిఘంటువు మూసేసి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను.

పది రోజులు తిరక్కుండానే ఒక తండ్రి బడికి వచ్చాడు. తన పై అధికారి ఇంటికొస్తే కూతురు ఆ మాటతో పలకరించిందని, ఆయన పగలబడి నవ్వాడని, ఇదేనా మీరు నేర్పే ఇంగ్లీషని కేకలు వేశాడు. యజమాని మా ఇద్దరినీ పిలిపించాడు. “ఏమప్పా, ఎమ్మే చదివినోడివి, నువ్వే చెప్పు, ఇది ఇంగ్లీషేనా?” అని నన్నడిగాడు.

గ్రామర్ ప్రకారం తప్పే సార్, అన్నాను.

అయినా ఇంగ్లీషువాళ్ళు అలాగే అంటారు, నేను నిఘంటువులో చూశాను అన్న రెండో మాట నాలుక చివర దాకా వచ్చింది. చిన్నాయన నా ముఖంలోకి చూశాడు. నన్ను అనుమానించి ఉంటే ఇవాళ నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. ఆయన నన్ను నమ్మాడు. “మావాడు చదువుకున్నోడు సార్, వాడు తప్పంటే తప్పే” అని తలొంచుకుని, ఆ సాయంత్రమే ధర్మవరం బస్సెక్కాడు. ఆయన క్లాసు నాకు వచ్చింది. ఆ తరువాత ఆయన పుట్టపర్తికి పోవడం మానేశాడని, నోటుబుక్కులో ఆ పేజీలన్నీ అడ్డంగా కొట్టేశాడని చిన్నమ్మ చెప్పింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే మామూలుగానే పలకరించేవాడు, ఇంగ్లీషు ఒక్క ముక్క లేకుండా.

మగ్గం దగ్గర ఒక పద్ధతి ఉండేది. పడుగులో నిలువు పోగు తెగితే ముందు చూసినవాళ్ళు, చిన్నాపెద్దా లేకుండా, ‘తెగింది’ అని అనాలి. నేసేవాడు అక్కడే ఆపి ముడి వేసుకోవాలి, చెప్పినవాణ్ణి కోప్పడకూడదు. చూసి కూడా ఊరుకుంటే ఆ సందు చీర పొడవునా గీతలా సాగిపోతుంది. ఈ పద్ధతి నాకు నేర్పింది కూడా చిన్నాయనే.

ఈ నెలలో రెండుసార్లు ధర్మవరానికని బయలుదేరి, పెనుకొండలో దిగి టీ తాగి, హిందూపురం బస్సెక్కి వెనక్కి వచ్చాను. మూడోసారి, మొన్న గురువారం, బస్సు పెనుకొండలో ఆగినంతసేపూ ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను.

చిన్నాయన వీధిలో ఇప్పుడు చేతిమగ్గం చప్పుడు లేదు, ప్రతి ఇంట్లోనూ మరమగ్గాలు దడదడలాడుతున్నాయి. ఫోన్లు పట్టుకున్న పిల్లలు ఏ మాట ఎందుకు అలా ఉందని అడక్కుండా ఇంగ్లీషు మాట్లాడేస్తున్నారు, తప్పని బెత్తం ఎత్తేవాడు లేడు, నాలాంటి ఎమ్మేల తీర్పుతో ఎవరికీ పని లేదు. ఆ తీర్పుకు తలొంచిన ఒక్క మనిషి అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు.

“ఏంరా, ఇన్ని దినాలకు దోవ తెలిసిందా?” అన్నాడు.

పక్కన కూర్చుని, మా అమ్మాయి పుస్తకం ఆ పేజీకి తెరిచి ఆయన ఒళ్ళో పెట్టి, దారి పొడవునా కూడబలుక్కున్నదంతా నెమ్మదిగా చెప్పాను. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

“ఈ మగ్గాలతో చెవులు పొయ్యినాయి రా. ఏం చెప్తాండావో గెట్టిగ చెప్పు.”

ఎదురింటి అరుగు మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. చిన్నమ్మ చీపురు పట్టుకుని గడపలోకి వచ్చింది. ఆనాడు తలుపు వేసిన గదిలో మెల్లగా అన్నదాన్ని వీధి మధ్య అరిచి సరిదిద్దుకోవలసి వచ్చింది.

“చిన్నాయనా, పోగు తెగింది ఆ పొద్దే చూసినా! నీ ఇంగ్లీషు తప్పు కాదని నాకు తెలుసు, తెలిసే చెప్పలేదు! తప్పు నాది, నన్ను క్షమించు!”