డ్రిల్ సారు, జోగిపేట ఆట

మా డ్రిల్ సారు పోయారు. మొదటి షిఫ్టు ముగించుకొని వచ్చిన మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే నిలబడి ఆ మాట చెప్పాడు. సంగారెడ్డి నుంచి షిఫ్టు బస్సులో వచ్చేవాళ్ళు చెప్పారట. పొయ్యి మీద పప్పు మాడుతున్నా ఇద్దరం కదల్లేదు. బీరంగూడలో కిరాయికి తీసుకున్న ఈ రెండు గదుల్లో మేమిద్దరం ఆలుమగలుగా ఉన్నామంటే అది ఆ మనిషి చలవే.

సంగారెడ్డి హైస్కూల్లో చదివినవాళ్ళకు ఆయన్ను పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. క్యాన్వాసు బూట్లకు రోజూ సుద్ద పూసుకునేవారు. సైకిలుకు బెల్లు లేదు. బజారులో ఎవరైనా అడ్డమొస్తే మెడలోని విజిల్ ఊదేవారు. కూరగాయలమ్మే అవ్వలు ఉలిక్కిపడి దారిచ్చి, ఆయన దాటిపోయాక తీరిగ్గా తిట్టేవారు. ఆడపిల్లలకు ఆటలేమిటని పెద్దలు గొణుగుతుంటే ఇల్లిల్లూ తిరిగి మమ్మల్ని రింగ్ ఆటకు పోగుచేశారు. రబ్బరు రింగును వల మీదుగా విసిరి పట్టుకునే ఆట అది. మా నాన్న బడిపంతులు, చర్చిలో పెద్ద, ఓ పట్టాన దేనికీ ఒప్పుకునే మనిషి కాదు. సారు నాన్న దగ్గరికి మూడుసార్లు వచ్చారు. మూడోసారి నాన్నే విసిగిపోయి సరే అన్నారు.

నేను తొమ్మిదిలో ఉండగా బడుల పోటీలు జోగిపేటలో జరిగాయి. మా రింగ్ జట్టు పొద్దున్నే ఓడిపోయింది. ఏడవడానికి కూడా టైము చిక్కలేదు. జామకాయలు కొనుక్కొని కబడ్డీ ఫైనలు చూడటానికి గీత పక్కన చేరాం. మా బడి తరఫున కూతకు వెళ్ళే పదో తరగతి అబ్బాయిది కంది ఊరి దగ్గర పల్లె, రైతు కుటుంబం. అప్పటికి మా మధ్య మాటల్లేవు, చూపులే. అవి మాత్రం ధారాళంగా ఉండేవి, దాచడమెందుకు. ఆ రోజు రావలసిన రెఫరీ బస్సు తప్పి రాలేదు. అవతలి బడివాళ్ళే మా సారును రెఫరీగా నిలబడమన్నారు.

చివరి కూత. ఒక్క పాయింటు వస్తే కప్పు మాదే. అతను అవతలివాళ్ళలో ఒకణ్ణి ముట్టుకొని వెనక్కు తిరుగుతూ నన్ను చూశాడు. బుగ్గ నిండా జామకాయతో, ఊపిరి బిగబట్టి, నేను. అతనికి నవ్వొచ్చింది పాపం. సారు విజిల్ వేసి, కూత తెగింది, అవుట్ అన్నారు. మావాళ్ళు లబోదిబోమన్నారు. ఆ గోలలో కూత తెగినట్టు మాకెవరికీ వినపడలేదు. అతను మాత్రం తల వంచుకొని, "అవు సార్, ఆగింది" అని బయటికి నడిచాడు.

కప్పు పోయింది కానీ, సొంత బడినే ఓడించిన నిజాయితీపరుడని సారు పేరు ఊళ్ళన్నీ చుట్టింది.

తన కూత చెడగొట్టావని దెప్పడానికి అతను మొదటిసారి నాతో మాట్లాడాడు. ఆ దెప్పడం ఐదారేళ్ళు సాగింది. ఇక్కడి ఫ్యాక్టరీలో అతనికి ఫిట్టరు పని దొరికాక ఇంట్లో చెప్పాను. నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయారు. మతం వేరు, సరే. ఇన్నేళ్ళు చెప్పకుండా దాచానన్నది ఆయన్ను ఇంకా కోసింది. నేనేం తక్కువ తిన్నానా, ఆయన కూతుర్నే కదా. వారం రోజులు మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. చివరికి నాన్నే, పిల్లవాడి సంగతి డ్రిల్ సారును అడుగుతానన్నారు. సొంత బడిని ఓడించిన మనిషి అబద్ధమాడడని ఆయన నమ్మకం.

సారు వచ్చారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఆయన చాయ్ ముట్టకుండానే నాన్నతో అన్నారు.

"సార్, జోగిపేటల ఆ దినం కూత తెగింది నాకు సుత ఇనవడలె. అంత లొల్లిల ఎవనికి ఇనవడ్తది? పిలగాడు నవ్విండని అనుమానం మీద విజిలేసిన. ఏసినంక పరేషానైన. వాడు ఆగలేదంటే వాపస్ తీసుకునేటోన్ని. వాడే ఆగిందన్నడు. నిజాయితీ సారని నాకొచ్చిన పేరు నాది గాదు, ఆ పిలగానిది. ఇన్నేండ్లు నోరు మూసుకొని తిరిగిన. గిప్పుడు మీకు జెప్తున్న."

తలుపు చాటున నాకు ఏడుపాగలేదు. జీవితమంతా సంపాదించుకున్న పేరును ఎవరైనా అలా తీసి పక్కవాడి చేతిలో పెడతారా? నా కోసం పెట్టారు.

నాన్న పెళ్ళికి అడ్డం రానన్నారు. అతనితో మాట్లాడమని మాత్రం అడగొద్దన్నారు. రిజిస్ట్రారు దగ్గర పెళ్ళయింది. సాక్షి సంతకం సారుదే. ఆ తర్వాత ఈ మూడేళ్ళూ నాన్న అల్లుడితో పలకలేదు. నేను పుట్టింటికి వెళితే మా ఆయన బస్టాండులోనే కూర్చునేవాడు. ఒకసారి సారు ముందు ఏడ్చాను. "జెర ఓపిక వట్టు బిడ్డా. మీ నాయినకు కోపం ఎన్నడో పోయింది. ఇగ సిగ్గే మిగిలింది. గది పోవాల్నంటే టైం పడ్తది" అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. ఆయన మాత్రం సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి నాన్నతో చాయ్ తాగి, మా ఆయన ఫ్యాక్టరీ కబుర్లు అడక్కుండానే చెప్పి వచ్చేవారు.

కబురు తెలిసిన సాయంత్రమే సంగారెడ్డి వెళ్ళాం. సారు వాకిట్లో పాత విద్యార్థులు, కొందరు షిఫ్టు దిగి ఫ్యాక్టరీ ఖాకీ బట్టల్లోనే వచ్చారు. నాన్న మాకంటే ముందే వచ్చి గోడ పక్కన నిలబడి ఉన్నారు. పాడె ఎత్తే వేళ ముందు వైపు ఒక పక్క మా ఆయన భుజం పెట్టాడు. రెండో పక్కకు నాన్న వెళ్ళారు. చర్చి పెద్దమనిషి పాడె మోయడమేమిటని ఎవరో గొణిగారు. నాన్న విననట్టే ఉన్నారు.

మా ఆయన పొడగరి. పాడె నాన్న వైపు ఒరిగింది. మా ఆయన అది చూసి, బరువు ఆయన మీద పడకుండా మోకాళ్ళు వంచాడు. నాన్న తల తిప్పలేదు. నేను పక్కనే ఉన్నాను కనక ఆయన అల్లుడితో అన్న మాట విన్నాను.

"మెల్లగ నడువు బిడ్డా. నేను మోస్త."

ఆ మాట విన్నాక కూడా మా ఆయన నిటారుగా నిలబడలేదు. మోకాళ్ళు అలాగే వంచి, నాన్న భుజానికి తన భుజం సమంగా పెట్టుకొని, వీధి మలుపు తిరిగేదాకా నడిచాడు.