చెల్లె మీద ఒట్టు

నా చిన్నప్పుడు పాలపళ్ళకు ఎవరూ విలువ ఇచ్చేవారు కాదు. ఎలాగూ ఊడిపోయేవే కదా అనుకునేవారు. ఎద్దు కుంటితే మందు కోసం నాలుగు ఊళ్ళు తిరిగే మనుషులు, పిల్లల నోట్లో పన్ను నల్లబడితే మాత్రం చూసీ చూడనట్టు ఉండేవారు. మా ఇంట్లోనూ అంతే. నాకు చదువు రాదు, సంతకం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఉన్నది ఉన్నట్టే రాయమన్నాను, నన్ను మంచిదానిగా చూపించొద్దన్నాను.

మాది తాండూరుకు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఊరు. నాయిన నాపరాయి గనిలో రాయి కొట్టేవాడు. అమ్మ కందిచేలలో కూలికి పోయేది. ఇంట్లో నాయినను కన్నతల్లి, మా అవ్వ ఉండేది. ఆమెకు చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. ఇంటి పెత్తనమంతా ఆమెదే. చెల్లెను చూసుకునే పని నాది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, దానికి ఐదు.

అది చంటిపిల్లగా ఉన్నప్పుడు, అమ్మ చేనుకు పోతూ పాత చీర పేలికలో ఇంత బెల్లం మూటగట్టి నా చేతికిచ్చేది. ఏడిస్తే నోట్లో పెట్టమనేది. మా వాడకట్టులో అందరూ పిల్లలను అట్లాగే ఊరుకోబెట్టేవారు. ఆ మూటను చప్పరిస్తూ చెల్లె నిద్రపోయేది, నేను గచ్చకాయలు ఆడుకునేదాన్ని. ఆట చెడకూడదని, అది ఏడవకముందే నోట్లో పెట్టేదాన్ని. ఈ మాట బయటికి చెప్పడానికి నాకు ఒక జన్మ పట్టింది.

ముందరి పళ్ళు మొలిచినప్పుడు జొన్నగింజల్లా తెల్లగా ఉండేవి. మూడేళ్ళు నిండేసరికి రంగు తిరిగి, అంచులు విరిగి, చిగురు దగ్గర మొద్దుల్లా మిగిలాయి. తరువాత దవడపళ్ళకు గుంతలు పడ్డాయి. అన్నం మెతుకు ఆ గుంతలో ఇరుక్కుంటే అది ఏడ్చేది, నేను చీపురుపుల్లతో తీసేదాన్ని. పళ్ళు తోమడమంటే పెద్దవాళ్ళకు వేపపుల్ల, పిల్లలకు ఇంత బొగ్గుపొడి. అదీ ఎవరికైనా గుర్తుంటే.

ఆ ఏడు కందులు కోతకొచ్చిన రోజుల్లో చెల్లెకు కుడిపక్క దవడ నొప్పి మొదలైంది. అవ్వ లవంగం నూరి పెట్టింది. తగ్గకపోతే తన నస్యం డబ్బీలోంచి చిటికెడు తీసి పన్ను గుంతలో అదిమింది. చెల్లె కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. నొప్పి ఒక రోజు ఆగి మళ్ళీ వచ్చింది, ఈసారి చెంప కూడా ఉబ్బింది.

సరిగ్గా అప్పుడే పళ్ళపురుగులు తీసే ఆమె ఊళ్ళోకి వచ్చింది. ఏటా ఒకసారి వచ్చేది. పుచ్చుపన్ను లోపల పురుగు ఉండి తొలుస్తుందని, పొగ పట్టి దాన్ని తీస్తానని చెప్పేది. నమ్మనివాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు. అవ్వ ఆమెను పిలిపించింది. వాకిట్లో ఆడవాళ్ళు గుంపు కట్టారు.

ఆమె పిడకల నిప్పు మీద నేలవాకుడు గింజలు చల్లి, ఒక మట్టి గొట్టం బోర్లించి, ఆ పొగను చెల్లె నోట్లోకి పట్టింది. కాసేపటికి నీళ్ళు పోసిన ఇత్తడి పళ్ళెంలోకి ఉమ్మించింది. నీళ్ళ మీద సన్నగా, తెల్లగా ఏవో తేలాయి.

“చూడుండ్రి, చూడుండ్రి, ఎట్ల లుకలుకమంటున్నయో!” అంది అవ్వ.

పక్కింటి వదిన ఊరుకోలేదు. “నీకు కనవడ్తున్నయా అత్తా? మొన్న నన్ను జూసి నీ కోడలనుకుంటివి.”

“నోర్ముయ్యే. మనిషిని పోల్చకపోతే పోల్చకపోతిని, పురుగును పోల్చనా?”

అందరూ నవ్వారు. చెల్లె కూడా సగం మూతితో నవ్వింది. పొగ వల్లనో ఏమో, దానికి నొప్పి తగ్గింది. అవ్వ చేటెడు జొన్నలు తెచ్చి ఆమె మూటలో పోసింది.

ఆమె పళ్ళెం కడుక్కోవడానికి ఇంటి వెనక్కి పోతే, నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

“బిడ్డా, ఇను. నీ చెల్లె దవడ కింద ఏలు వెట్టి చూసిన. రాయి లెక్క గట్టిగున్నది. లోపట చీము వట్టింది. గది మెడకు దిగితే పాణం దక్కదు. రేపే తాండూరు దవాఖానకు తీస్కపొమ్మని మీ నాయినకు జెప్పు.”

“పురుగులన్ని వొయినయ్ గద?” అన్నాను.

పళ్ళెం అంచుకు అంటుకున్న ఒకదాన్ని గోటితో నలిపి చూపించింది. “గివి పురుగులు గావు. గింజ కాలితే బయటికొచ్చే మొలక. పొగకు నొప్పి జర మొద్దువడ్తది, గంతే.”

“గట్లయితే నువ్వే చెప్పు మా అవ్వకు.”

“చెప్తే నన్ను ఊరు దాటనిస్తరా? నాకూ ఇద్దరు పిల్లలున్నరు. దవాఖాన ముచ్చట చెప్పు. గింజల ముచ్చట నీ నోట్లకెళ్ళి రావద్దు.”

అంతలో చెల్లె నన్ను వెతుక్కుంటూ వచ్చి నా లంగా పట్టుకుని నిలబడింది. ఆమె నా చెయ్యి తీసి దాని నెత్తి మీద పెట్టి, ఒట్టు పెట్టమంది. పెట్టాను. ఎండకు దాని జుట్టు వేడిగా ఉంది.

మా వైపు ఒట్టు అంటే ఆట కాదు. ఎవరి తల మీద చెయ్యి పెట్టి చెబుతామో, మాట తప్పితే వాళ్ళ ప్రాణమే పోతుందని ఊహ తెలిసినప్పటి నుంచీ వింటాం. ఆ దొడ్డి నుంచి ఇంట్లోకి వచ్చేసరికి నా చెల్లె ప్రాణం నా నోట్లో ఉందనిపించింది.

పొద్దుగూకి నాయిన రాగానే దవాఖాన మాట చెప్పాను. ఎవరు చెప్పారని అడిగితే పురుగులు తీసినామె అన్నాను. అవ్వ గయ్యిమంది.

“పురుగులు తీసి, జొన్నలు గట్టుకొని, మళ్ళ దవాఖానకు పొమ్మంటదా? గీ పిల్ల చెవులు సక్కగ లేవురా. నా కండ్లతోని జూసిన, అన్ని వొయినయ్.”

నాయిన చెల్లె చెంప మీద చెయ్యి వేసి చూశాడు. “పాలపన్నే గద. రెండు దినాలు చూద్దాం తీ” అన్నాడు. పని ఎగ్గొడితే గని మేస్త్రీ ఊరుకోడు.

అమ్మ మాత్రం నా ముఖమే చూస్తోంది. “ఇంకేమన్న జెప్పిందా?” అని అడిగింది.

“లేదు.”

“నిజంగ?”

చెల్లె అమ్మ ఒళ్ళోనే ఉంది. నేను గింజల సంగతి చెబితే అది అక్కడికక్కడే వాలిపోతుందని నా భయం. లేదని మళ్ళీ చెప్పాను. ఆ పురుగులు నిజం కావని ఒక్క మాట అని ఉంటే అవ్వ నోరు మూతపడేది. ఆ ఒక్క మాటనే మింగాను, చెల్లెను బతికించుకుంటున్నాననుకుని.

మూడో రోజుకు వాపు గడ్డం కింది నుంచి గొంతు దాకా దిగింది. నోరు తెరుచుకోలేదు. చొంగ కారుతూనే ఉంది, మింగలేకపోయింది. ఊపిరి తీస్తే గొంతులో కూత వినిపించేది. నాయిన దాన్ని భుజాన వేసుకుని తాండూరుకు ఉరికాడు, వెనకే అమ్మ. అది నా చెయ్యి వదలకపోతే నన్నూ తీసుకుపోయారు. డాక్టరు దవడ కింద రెండు వేళ్ళు పెట్టి నొక్కి, ఎన్నాళ్ళయిందని అడిగాడు. ఈ చీము పంటి నుంచే దిగిందని, మొన్ననే తెచ్చి ఉంటే పన్ను పీకి చీము తీసేవాళ్ళమని అన్నాడు. సూది వేసి, చీటీ రాసి, ముందొచ్చే రైలుకే పట్నం పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు.

రైలు ధారూరు దాటాక చెల్లె గొంతులో కూత ఆగింది. నేను దాని కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. అమ్మ కొంగు తీసి దాని ముఖం మీద కప్పింది. “పండుకున్నదా?” అన్నాడు నాయిన. అమ్మ “ఆఁ” అంది. వికారాబాదులో బండి ఆగగానే లేచి, ఇక్కడే దిగుదామంది. పట్నం ఇంకా రాలేదు కదా అన్నాడు నాయిన. అప్పుడు అమ్మ కొంగు తొలగించింది.

దినాలు కాగానే అమ్మ మళ్ళీ కంది కోతకు పోయింది. ఇంట్లో నేనుండలేక వెంట పోయాను. అక్కడ, ఎవరూ లేని సాలులో, మొత్తం చెప్పేశాను. ఇక ఒట్టుకు పోయే ప్రాణం లేదు కదా. అమ్మ కొడవలి కింద పెట్టింది. కొడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు, మాట వినిపించింది.

“నువ్వు చెప్పినా మీ అవ్వ ఇనకపోతుండె.”

“ఇంటుండెనేమో” అన్నాను.

“ఇంటుండెనేమో” అని అమ్మ కూడా అంది.

తరువాత నన్ను దగ్గరికి లాక్కుని, నా ముఖం ఎండవైపు తిప్పి, నోరు తెరవమంది. ఒక్కొక్క పన్నూ వేలితో తడిమి చూసింది. వేలికి కందాకు వగరు ఉంది. దవడల కింద నొక్కి చూసింది. “ఇగ ఎవలి మీదా ఒట్టు వెట్టకు బిడ్డా. ఎవలన్న వెట్టుమంటే ఉరికొచ్చి ముందుగాల నాకు జెప్పు” అంది. బెల్లం మూట సంగతి మాత్రం ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కట్టింది ఆమె, పెట్టింది నేను.

ఏళ్ళు గడిచాయి. మా ఆయనకు నోట్లో పుండు లేచి మానకపోతే వికారాబాదులో చూపించాం. డాక్టరు మంచి మాట చెప్పలేదు. పెద్దకొడుకు నా చెయ్యి గుంజి తన తల మీద పెట్టుకోబోయాడు. “నా మీద ఒట్టే అమ్మా, నాయినకు చెప్పకు” అన్నాడు. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆ పొద్దే ఆయనకు చెప్పేశాను. ఆయన మూడు నెలలు బతికాడు, తన పనులేవో తాను చక్కబెట్టుకుని పోయాడు. కొడుకు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతేనేం, కళ్ళ ముందు తిరుగుతున్నాడు కదా అనుకున్నాను.

ఇప్పుడు మా వీధిలో నన్ను పళ్ళ ముసలిది అంటారు. అననీ. పాలసీసాలో చక్కెర కలిపి పిల్లను పడుకోబెట్టే కోడలితో కొట్లాడతాను. పన్ను మీద చిన్న నల్లచుక్క కనబడినా పిల్లను చంకనేసుకుని తాండూరు బస్సెక్కుతాను. చెంప ఉబ్బి జ్వరం ఉంటే పొద్దు తిరగనివ్వను. ఎవరి పిల్ల నా దగ్గరికి వచ్చినా ముందు నోరు తెరిపిస్తాను, ఆ తరువాత దవడ కింద రెండు వేళ్ళు పెడతాను. చక్కిలిగింతలని వాళ్ళు నవ్వుతారు, పారిపోవాలని చూస్తారు. మెత్తగా తగిలేదాకా నేను వదలను.