చెరువు గట్టున లెక్కల క్లాసు

మొన్న ఏలూరు బస్టాండు ఎదురుగా ఒక ఫ్లెక్సీలో మా పాత కాలేజీ లెక్కల మాస్టారు నవ్వుతూ కనిపించారు. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు గణితమూ జీవశాస్త్రమూ కలిపి చెప్పడం గురించి ఏదో కాలేజీవాళ్ల సభట, ఆయనే ముఖ్య వక్తట. జుట్టుకు రంగు కూడా వేశారు. నాకు ఒళ్లు మండింది.

తాడేపల్లిగూడెం కాలేజీలో నేను డిగ్రీ మొదటి సంవత్సరానికి జంతుశాస్త్రం చెప్పే రోజుల్లో ఆయన పక్క గదిలో లెక్కలు చెప్పేవారు. మా బైపీసీ పిల్లలు లెక్కల బెడద వదిలించుకోవడానికే ఇంటర్‌లో ఆ గ్రూపు తీసుకున్నవాళ్లు. ఎంపీసీ పిల్లలకు చేప అంటే పులుసే. ఈ రెండు గుంపులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, మేమిద్దరం కలిసి పాఠం చెప్పాలన్నది నా పిచ్చి. ఆయన సంబరంగా తోడొచ్చారు. సాయంత్రాలు స్టాఫ్‌రూములో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పాఠాలు అల్లుకునేవాళ్లం.

ఒకసారి పిల్లల్ని కలిదిండి దగ్గర చేపల చెరువుకు తీసుకెళ్లాం. కొన్ని చేపల్ని పట్టి, తోక కొస కాస్త కత్తిరించి వదిలేయాలి. కొన్నాళ్లకు మళ్లీ వల వేసి, పడ్డవాటిలో గుర్తున్నవి ఎన్నో చూస్తే చెరువులో మొత్తం ఎన్ని ఉన్నాయో అంచనా వేయవచ్చు. మేం రెండుసార్లూ చేపలకు మేత సంచులు వేలాడదీసిన చోటే వల వేయించాం. తిండికి మరిగినవే మళ్లీ పడ్డాయి. లెక్క కడితే చెరువు దాదాపు ఖాళీ అని తేలింది.

"అయితే నా పని అయిపోయినట్టేనండీ," అన్నాడు చెరువు రైతు నవ్వుతూ.

మాస్టారు పిల్లలవైపు తిరిగి, "సూత్రం తప్పు కాదమ్మా. చేప అలవాటు మనం లెక్కలో వేసుకోలేదు," అన్నారు. తర్వాత చెరువంతా వలలు వేయించి మొదటినుంచీ చేస్తే, అంచనా రైతు చెప్పిన సంఖ్యకు దగ్గరగా వచ్చింది. కొల్లేటికోట నుంచి వచ్చే బైపీసీ అమ్మాయి ఆ లెక్కను తనంతట తానే బోర్డు మీద చేసి చూపించింది.

ఆ కోర్సు ఉంచాలా తీసేయాలా అని కాలేజీలో మీటింగు పెట్టారు. లెక్కల విభాగం పెద్దలకు అది మొదటినుంచీ గిట్టదు. ప్రిన్సిపాల్ గారు అడిగితే మాస్టారు లేచి, "బైపీసీ పిల్లలకి ఇవన్నీ ఎందుకండీ? చెరువు దగ్గర లెక్కే తప్పిందండీ. మేడమ్ గారు ముచ్చటపడ్డారని వెళ్లానండీ," అన్నారు. తర్వాత సరిగ్గా వచ్చిన సంగతి ఎత్తలేదు. నేను చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. ఆయన నావైపు చూడనైనా లేదు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ గదిలో తెలిసింది. కోర్సు సగంలోనే ఆగిపోయింది.

"మిగతా సగం ఎప్పుడు చెప్తారండీ, మేడమ్?" అని బోర్డు మీద లెక్క చేసిన ఆ అమ్మాయి అడిగింది.

నిన్న ఆయనే ఫోన్ చేశారు. "మేడమ్ గారూ, మీరు ముందు వరసలో కూర్చోవాలండీ. ఆ చెరువు సంగతితోనే మొదలెడుతున్నానండీ."

"రెండో లెక్క కూడా చెప్తారా మాస్టారూ?" అన్నాను.

"అదే కదండీ అసలు పాఠం," అన్నారు.

ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు ఇన్నేళ్లు పట్టింది. ఆ పిల్లల మొదటి సంవత్సరం మాత్రం అన్నాళ్లు ఆగలేదు.